డోట్: అతి మమకారాన్ని చెప్పే ఇంగ్లీషు మాట, అనంతపురం సీమలో దాని తోటి మాటలు

డోట్ అనేది మితిమీరిన మక్కువ చూపడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియాపదం. తల్లిదండ్రులు బిడ్డను, తాతా అవ్వలు మనవణ్ణి, మగడు ఆలిని, యజమాని పెంపుడు జంతువును మంచిచెడ్డలు చూడకుండా ముద్దు చేసే సందర్భాల్లో దీన్ని వాడతారు. దీని విశేషణ రూపం డోటింగ్. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. గారాబం, మురిపెం, మమకారం, వ్యామోహం, మోజు, పిచ్చి ప్రేమ అనే మాటలు సందర్భాన్ని బట్టి దాని చోట నిలుస్తాయి.

డోట్ మొదటి అర్థం ప్రేమ కాదు, తెలివి తప్పడం. అతి ప్రేమకు పేరు పెట్టేటప్పుడు చాలా భాషలు తెలివితక్కువతనం, పిచ్చి, మైకం వంటి అర్థాలున్న మాటలనే ఎంచుకున్నాయి. తెలుగులో ఈ పోకడను గమనించడానికి అనంతపురం పీఠభూమి అనువైన చోటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఈ కరువు సీమలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కొన్ని వందల ఏళ్లుగా పక్కపక్కనే బతుకుతున్నాయి. తొలి తెలుగు–ఇంగ్లీషు నిఘంటుకర్తలు ఇద్దరు ఈ సీమ చుట్టుపక్కల కచేరీల్లోనే ఉద్యోగం చేశారు. వ్యామోహం నుంచి వైరాగ్యానికి నడిచినవాడిగా జనం చెప్పుకొనే వేమన సమాధి కూడా ఇక్కడే ఉంది.

ఇంగ్లీషులో పుట్టుక

డోట్ మధ్యయుగపు ఇంగ్లీషులో 13వ శతాబ్దం నాటికే కనిపిస్తుంది. అప్పటి రూపం డోటెన్. మతి లేకుండా ప్రవర్తించడం, వెర్రిగా మాట్లాడటం, ముసలితనంలో బుద్ధి మందగించడం దాని అర్థాలు. ఆ కాలపు డచ్చి భాషలోనూ, ఉత్తర జర్మనీ మాండలికాల్లోనూ దీనికి దగ్గరి చుట్టాలున్నాయి, వాటికీ వెర్రితనమే అర్థం. వయసు మళ్లి మతి తగ్గిన దశను చెప్పే డోటేజ్, అలాంటి మనిషిని చెప్పే డోటర్డ్ ఈ పాత అర్థాన్ని నేటికీ నిలుపుకున్నాయి.

ప్రేమ అర్థం 15వ శతాబ్దపు చివరి భాగంలో వచ్చి చేరింది. ఒకరి మీద ప్రేమతో మతి పోగొట్టుకోవడం అన్న వాడుక ముందు ఏర్పడింది. క్రమంగా మతి పోవడం వెనక్కి తగ్గి, ప్రేమ ముందుకు వచ్చింది. ఈ మధ్య దశను షేక్‌స్పియర్ నాటకాల్లో చూడవచ్చు. 1590లలో రాసిన ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో పూల రసం మహిమ వల్ల అప్సరసల రాణి టిటానియా మంత్రంతో గాడిద తల వచ్చిన ఒక నేతగాడి మీద మనసు పడుతుంది. ఆ మైకాన్ని చెప్పడానికి నాటకకర్త ఈ క్రియనే మళ్లీ మళ్లీ వాడాడు. అక్కడ ఆమె ప్రేమకూ ఆమె తెలివి తప్పడానికీ తేడా లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోని యెహెజ్కేలు గ్రంథంలోనూ ఇది నిందార్థంలోనే ఉంది. నేటి ఇంగ్లీషులో నింద చాలావరకు కరిగిపోయింది. మనవళ్లను ముద్దు చేసే తాతను ఈ మాటతో వర్ణిస్తే ఎవరూ తప్పు పట్టరు.

అదే దారిన వచ్చిన ఇతర మాటలు

ఇంగ్లీషులో అతి ప్రేమను చెప్పే మాటలు చాలావరకు ఈ దారినే నడిచాయి. ఇష్టాన్ని చెప్పే ఫాండ్ అనే సాదా మాట 14వ శతాబ్దంలో మూర్ఖుణ్ణి చెప్పే మాట నుంచి పుట్టింది. మొదట మూఢమైన అని, తర్వాత మూఢంగా ప్రేమించే అని, చివరికి ప్రేమగల అని దాని అర్థం మారింది. ఇన్‌ఫాచ్యుయేషన్ లాటిన్ మాట ఫాటుయుస్ నుంచి వచ్చింది, దానికీ బుద్ధిహీనుడనే అర్థం. బిసాటెడ్ అనే మాటలోని సాట్ కూడా ఒకప్పుడు మూర్ఖుడే, తాగుబోతు అనే అర్థం దానికి తర్వాత అంటుకుంది.

వేరే దారిన వచ్చినవి కొన్ని ఉన్నాయి. భార్య మీద అతి మక్కువ గలవాణ్ణి చెప్పే అక్సోరియస్, లాటిన్‌లో భార్యను చెప్పే ఉక్సోర్ నుంచి పుట్టింది. బిడ్డల మీద మమకారానికి 1815లో స్పుర్జ్‌హైమ్ అనే జర్మన్ వైద్యుడు ఫిలోప్రోజెనిటివ్‌నెస్ అనే పొడుగాటి పేరు పెట్టాడు. పుర్రె ఆకారాన్ని బట్టి గుణాలు చెప్పే శాస్త్రంలో ఆ పేరు వాడాడు. ఆ శాస్త్రం నిలవలేదు. పేరు మాత్రం నిఘంటువుల్లో మిగిలింది.

తెలుగులోని సంస్కృత మూలాలు

తెలుగు వాడుకలో అతి ప్రేమకు ఉన్న బరువైన మాట వ్యామోహం. దీని మూలం ముహ్ అనే సంస్కృత ధాతువు. దిక్కుతోచకపోవడం, స్పృహ తప్పడం దాని అర్థం. ఇదే ధాతువు నుంచి మోహం, మూఢుడు, ముగ్ధ పుట్టాయి. మూఢుడు తెలివిలేనివాడు. ముగ్ధ లోకం తెలియని అమాయకురాలు, అందువల్లే మనసు దోచేది. తెలివి తక్కువతనం, అమాయకత్వం, అందం, ప్రేమ అన్నీ ఒకే వేరు నుంచి కొమ్మలు వేశాయి. ఇంగ్లీషుతో ఏ సంబంధమూ లేకుండానే సంస్కృతం ఈ చోటికి చేరుకుంది.

మమకారం దారి వేరు. మమ అంటే నాది. నాది అనుకోవడమే మమకారం, నేను అనుకోవడం అహంకారం. వేదాంత గ్రంథాలు ఈ రెండింటినీ జంటగా చెబుతాయి. ఇక్కడ దోషం మతి పోవడంలో లేదు, సొంతం చేసుకోవడంలో ఉంది. ఇల్లు, పొలం, బిడ్డ, బావి వేటి మీదనైనా మమకారం ఉండవచ్చు. నీళ్లు పడని పొలాన్ని అమ్మడానికి మనసొప్పని రైతు విషయంలో పల్లెల్లో వినిపించే మాట ఇదే.

వాత్సల్యం అనే మాటకు మూలం వత్స, అంటే దూడ. ఆవుకు దూడ మీద ఉండే ప్రేమ పెద్దలకు పిల్లల మీది ప్రేమకు పేరైంది. స్నేహం మొదటి అర్థం నూనె, జిడ్డు, అంటుకొనే గుణం. అనురాగంలోని రాగం రంగు. ఈ మాటల్లో నింద లేదు. అతి అనే విశేషణం చేరితేనే వాటికి మచ్చ వస్తుంది.

అచ్చ తెలుగు మాటలు

పిల్లల విషయంలో తెలుగువారు ఎక్కువగా వాడేది గారాబం. గారం, గారాలు, గారాలపట్టి దాని చుట్టాలు. గారాబం చేసేది పెద్దలు, గారాలు పోయేది పిల్లలు. ఒకరిది ఇచ్చే ప్రేమ, ఒకరిది దాన్ని ఆసరా చేసుకొని అడిగే చనువు. ఇంగ్లీషు డోట్ పెద్దల వైపు మాత్రమే చెబుతుంది, తెలుగు రెండు వైపులా చెబుతుంది.

ముద్దు ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. కన్నడంలోనూ ముద్దే, తమిళంలో ముత్తం. తెలుగులో దీనికి చుంబనం, అందం, గారాబం అనే మూడు అర్థాలున్నాయి. అల్లారుముద్దుగా పెంచారంటే మెచ్చుకోలు, ముద్దు చేసి చెడగొట్టారంటే తప్పు పట్టడం. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలోనూ ఈ మాట అలాగే వినిపిస్తుంది. సరిహద్దు పల్లెల్లో బిడ్డను ముద్దు చేసేటప్పుడు ఏ భాష మాట్లాడుతున్నారో చెప్పడం కష్టం.

పిచ్చి, వెర్రి అనే మాటలు డోట్ పాత అర్థానికి అన్నిటికంటే దగ్గరగా నిలుస్తాయి. పిచ్చి ప్రేమ, వెర్రి మమకారం, పాటల పిచ్చి, పుస్తకాల పిచ్చి అని అంటారు. వెర్రి వేయి విధాలు అన్న సామెత ఉండనే ఉంది. కన్నడంలో హుచ్చు అనే మాట ఇదే పని చేస్తుంది. తమిళంలో పెత్త మనం పిత్తు, పిళ్ళై మనం కల్లు అనే సామెత ఉంది. కన్న మనసు పిచ్చిది, బిడ్డ మనసు రాయి అని దాని అర్థం. దక్షిణాది భాషలు కూడా ఈ ప్రేమను తెలివి వైపు పెట్టలేదు. అలాగని దాన్ని చిన్నచూపూ చూడలేదు. పిచ్చితల్లి అన్న పిలుపులో జాలి, గౌరవం రెండూ ఉన్నాయి.

అరబీ, ఫారసీ దారి

గోల్కొండ, బీజాపూరు సుల్తానులు, మొగలులు, ఆ తర్వాత హైదరాలీ, టిప్పు సుల్తాను ఏలిన ఈ సీమలో హిందుస్తానీ మాటలు ఇంటి మాటలైపోయాయి. మోజు అలాంటిదే. అరబీలో మౌజ్ అంటే అల. ఫారసీ, హిందుస్తానీల్లో అది మనసులో లేచే ఉల్లాసమైంది. తెలుగులో మోజు అంటే కొత్త వస్తువు మీదో కొత్త మనిషి మీదో లేచి, కొన్నాళ్లకు అణిగే ఇష్టం. మోజు తీరింది అంటాం కానీ మమకారం తీరింది అనం. షోకు కూడా అరబీదే. అక్కడ కోరిక, తపన అనే అర్థముంటే ఇక్కడ సొగసుల మీద ఇష్టంగా మారింది.

దివానా, మజ్నూ అనే మాటలు తెలుగునాట సినిమాల వల్ల మరింత వ్యాపించాయి. ఫారసీ దివానాకు దయ్యం పట్టినవాడని, అరబీ మజ్నూన్‌కు జిన్ను ఆవహించినవాడని మూలార్థం. లైలా మీద ప్రేమతో ఎడారిలో తిరిగిన ప్రేమికుడికి ఆ పేరు వచ్చింది. 1949లో భరణీ సంస్థ లైలా మజ్నూ తీశాక తెలుగు పల్లెల్లోనూ అది విరహంతో చిక్కిన కుర్రవాడికి మారుపేరైంది. ఇక్కడా ప్రేమకు పెట్టిన పేరు మతి తప్పడమే.

అయితే సూఫీ సంప్రదాయం ఈ మైకాన్నే మెట్టుగా మార్చుకుంది. ఇష్క్ అనే మాటను చెట్టుకు అల్లుకొని దాన్ని కప్పేసే తీగతో కలిపి సూఫీలు వివరిస్తారు. దేవుడి మీద ఆ ప్రేమ మితిమీరితేనే నిండినట్టు. పెనుకొండలోని బాబయ్య దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసి వెళ్తారు. కదిరిలోని నరసింహస్వామి సన్నిధిలో ప్రహ్లాదుడు స్వామి పక్కనే ఉంటాడు. మనుషుల మీద తప్పనిపించే అతి, దేవుడి మీద ఒప్పనిపించడం ఈ సీమలోని రెండు మతాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది.

నిఘంటువులు, పండితులు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి దీన్ని దత్త మండలాలు అన్నారు. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరు. అనంతపురం ఆ తర్వాత బళ్లారి జిల్లాలో భాగమై, 1882లో వేరు జిల్లా అయింది. కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది, 1910లో అనంతపురంలో కలిసింది. తొలి నిఘంటుకర్తలు ఇద్దరూ పనిచేసింది ఆ బళ్లారి, కడప కచేరీల్లోనే కాబట్టి ఈ సరిహద్దులు నిఘంటువుల చరిత్రకు ముఖ్యం.

బళ్లారి కలెక్టరుగా పనిచేసిన ఎ. డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు వెలువరించాడు. ఆ వ్యాకరణానికి ముందుమాటగా ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ రాసిన భాగంలోనే తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానికి చెందినవన్న వాదం మొదటిసారి ఆధారాలతో అచ్చయింది. ముద్దు వంటి మాటలకు చుట్టరికం వెతకడం అప్పటి నుంచే శాస్త్రమైంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో కలెక్టరుకు సహాయకుడయ్యాడు. తెలుగు నేర్చుకుంటూ వేమన పద్యాల మీద మనసు పెట్టాడు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేశాడు, 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచాడు. 1850ల తొలి ఏళ్లలో తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు తెచ్చాడు. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ తదితర మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా కూర్చాడు. పండితులకు, లేఖకులకు సొంత డబ్బు పోసి అప్పుల పాలయ్యాడు. తెలుగు తాళపత్రాల మీద ఆయన పెట్టుకున్న మక్కువ ఆనాటి తోటి అధికారులకు అతిగానే తోచి ఉంటుంది. ఆ అతి లేకపోతే ఎన్నో కావ్యాలు మనకు దక్కేవి కావు. రాయదుర్గంలో పుట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి అలాంటి పట్టుదలతోనే కడపలో బ్రౌన్ పేర గ్రంథాలయాన్ని నిలబెట్టారు.

1916లో అనంతపురంలో మొదలైన దత్త మండల కళాశాలలో చిలుకూరి నారాయణరావు పాఠాలు చెప్పారు. 1937లో వచ్చిన ఆంధ్ర భాషా చరిత్రము ఆయనదే. తెలుగు ప్రాకృతాల నుంచి వచ్చిందని ఆయన వాదించారు. పండిత లోకం ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. అయినా ఒక్కొక్క తెలుగు మాటకు ఎన్ని మూలాలు వెతకవచ్చో చూపిన గ్రంథంగా దానికి విలువ ఉంది. 1928లో నంద్యాల సభలో దత్త మండలాలకు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించినదీ ఆయనే.

వేమన: వ్యామోహ కథకు సీమ రూపం

వేమన కాలాన్ని పండితులు 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా రకరకాలుగా నిర్ణయించారు. ఆయన జీవితం గురించి జనంలో ఉన్నది కథే. ఆ కథ ప్రకారం సంపన్నుల ఇంట పుట్టిన వేమన ఒక వేశ్య మీద వ్యామోహంలో పడి ఇల్లు గుల్ల చేశాడు. ఆమె అడిగిందని వదిన నగల కోసం వెళ్లాడు. వదిన పెట్టిన పరీక్షతో కళ్లు తెరిచాడు. తర్వాత యోగి అయ్యి ఊరూరా తిరిగి, కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి పొందాడు. ఆ ఊరు గాండ్లపెంట మండలంలో ఉంది. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి ఆ ప్రాంతం చేరింది.

అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1920ల చివర వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి, వేమన విమర్శకు పునాది వేశాయి. సంగీతం, ప్రాకృతం, తెలుగు మూడూ తెలిసిన ఆయన, కట్టుకథల పొరలు తీసి పద్యాల్లోంచే వేమన మనసును పట్టుకోవడానికి పూనుకున్నారు.

1947లో వాహినీ సంస్థ యోగి వేమన సినిమా తీసింది. దర్శకుడు కె. వి. రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, తాడిపత్రి ప్రాంతం మనిషి. చిత్తూరు నాగయ్య వేమనగా నటించారు. ఆ సినిమాలో వేమనకు రెండు మమకారాలున్నాయి. ఒకటి వేశ్య మోహనాంగి మీద, రెండోది అన్న కూతురు జ్యోతి మీద. మొదటిది వ్యామోహం, దాన్ని లోకం తప్పు పట్టింది. రెండోది గారాబం, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అతన్ని విరాగిని చేసింది ఆ బిడ్డ చావు. ఇంగ్లీషులో ఈ రెండు ప్రేమలకూ డోట్ అనే ఒక్క క్రియ సరిపోతుంది. తెలుగు వాటిని వేరు చేస్తుంది, కథ మళ్లీ ఒక్కటి చేస్తుంది.

వేమన పేర చెలామణి అయ్యే పద్యాలు ధనం మీద, సుఖం మీద, కులం మీద, బొమ్మల మీద ఉన్న మమకారాన్ని ఘాటుగా దులుపుతాయి. ప్రేమను మాత్రం కొట్టిపారేయవు. మనిషిని గుడ్డివాణ్ణి చేసే పట్టు మీదే వాటి కోపం.

పురాణాలు, తోలుబొమ్మలాట

కొడుకు మీద గుడ్డి మమకారానికి తెలుగువారి ఉదాహరణ ధృతరాష్ట్రుడు. దుర్యోధనుడి తప్పులు తెలిసీ ఆపలేకపోయిన ఆ రాజు కథ చదువు రానివారికి కూడా తెలుసు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. మేకతోలు మీద గీసి, రంగులద్ది, వెలుగుతున్న తెర వెనక ఆడించే రామాయణ, భారత కథల ద్వారా ఇలాంటి పాత్రలు తరతరాలుగా పల్లెలకు చేరాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

జడభరతుడి కథ ఇంకొకటి. రాజ్యం వదిలి అడవికి వెళ్లిన భరతుడు తల్లి చనిపోయిన లేడిపిల్లను సాకుతాడు. దాని మీద మనసు నిలిపి ప్రాణం విడిచి, మరుజన్మలో లేడిగా పుడతాడు. తెలుగు భాగవతంలో ఈ కథ ఉన్న అయిదో స్కంధం గంగన అనువాదం. దయతో మొదలైన పని మమకారంగా ముదరడం ఈ కథ చెప్పే సంగతి. రాజ్యాన్ని వదిలినవాడు కూడా ఒక చిన్న ప్రాణి దగ్గర ఆగిపోయాడు.

సామెతలు, పేర్లు

సామెతలు అతి ప్రేమను రెండు వైపుల నుంచి చూశాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అనేది ఓర్పుగా చెప్పిన మాట. ఎవరి బిడ్డ వారికి అందమేనని ఒప్పుకొంటుంది. ముద్దు చేసిన కుక్క మూతి నాకుతుంది అనేది హెచ్చరిక. గారాబం గజ్జెలకు ఏడిస్తే వీపు దెబ్బలకు ఏడ్చింది అనే సామెత గారాబానికీ దండనకూ మధ్య ఉన్న దూరం ఎంత తక్కువో చెబుతుంది. భార్య మీద అతి ప్రేమకు పెళ్లాం బెల్లం, తల్లి అల్లం అన్న మాట ఉంది. అదుపు తప్పిన గారాబాన్ని నెత్తికెక్కించుకోవడం అంటారు. అయిదేళ్ల దాకా లాలించి, తర్వాత అదుపులో పెట్టి, పదహారేళ్లు వచ్చాక మిత్రుడిలా చూడాలని సంస్కృత నీతి చెబుతుంది. గారాబానికి అది గడువు పెట్టిందే కానీ దాన్ని వద్దనలేదు.

ప్రేమను దాచిపెట్టే పేర్లు కూడా తెలుగునాట ఉన్నాయి. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ, పిచ్చయ్య, పిచ్చమ్మ, తిరిపాలు వంటి పేర్లు పెట్టేవారు. దిష్టి తగలకూడదని, మృత్యువు కన్ను పడకూడదని ఆ పని చేసేవారు. కరువు, గత్తర మింగేసిన పల్లెల్లో ఆ పేరు బిడ్డకు కట్టిన తాయెత్తు. ఎంత గారాబమైతే అంత మొరటు పేరు. పైకి పారవేసినట్టు కనిపించే ఆ పేరు, ఎలాగైనా ఈ బిడ్డను దక్కించుకోవాలన్న తల్లి మొక్కు.

అభిమానం

సంస్కృతంలో అభిమానం అంటే గర్వం, తన గురించి తాను గొప్పగా తలచడం. తెలుగులో ఆత్మాభిమానం అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా పలుకుతుంది. మామూలు వాడుకలో మాత్రం ఇతరుల మీద ప్రేమగా మారింది. సినిమా వచ్చాక అభిమాని అంటే నటుడికి అంకితమైన ప్రేక్షకుడు. ఇంగ్లీషు మాట ఫ్యాన్ కూడా ఉన్మాదపు అర్థం నుంచే వచ్చింది. గుడిని చెప్పే లాటిన్ మాట ఫానుమ్ నుంచి దేవుడు పూనినవాణ్ణి చెప్పే ఫనాటిక్ వచ్చింది. దాన్ని కుదించి 19వ శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ ఆట వెంట తిరిగేవారికి వాడారు.

అనంతపురం సీమలో ఈ అభిమానం రాజకీయాల దాకా వెళ్లింది. నందమూరి తారక రామారావు హిందూపురం నుంచి 1985, 1989, 1994 శాసనసభ ఎన్నికల్లో గెలిచారు. తెర మీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషిని ఓటు వేసి ఎన్నుకున్న జనంలో భక్తి ఎంత, మోజు ఎంత, పథకాల మీద నమ్మకం ఎంత అని విడదీయడం తేలిక కాదు. దాన్నంతా వెర్రి అని తోసేయడం ఆ ఓటర్లకు అన్యాయం.

వేరుశనగ మీద మోజు అన్న మాట

అతి ఇష్టాన్ని చెప్పే మాటను తప్పుగా వాడిన సందర్భం ఒకటి ఈ సీమకు సంబంధించి చెప్పుకోవాలి. 20వ శతాబ్దపు రెండో సగంలో అనంతపురం మెట్ట పొలాల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక వెనక్కి తగ్గి వేరుశనగ పరుచుకుంది. ఒక దశలో ఖరీఫ్‌లో 7 లక్షల హెక్టార్లకు మించి ఆ ఒక్క పంటే వేశారు. వానలు తప్పిన ఏళ్లలో పంట పోయి అప్పులు మిగిలాయి. రైతులకు వేరుశనగ మీద మోజు పోలేదని బయటివారు తరచూ అంటారు.

మోజుకు కారణం అక్కర్లేదు. రైతుకు కారణాలున్నాయి. తేలికపాటి ఎర్రనేలలో ఆ పంట పండుతుంది. కాయ అమ్ముడవుతుంది, నూనె మిల్లులు కొంటాయి. కట్టె పశువులకు మేతవుతుంది, కరువు ఏట కాయ రాకపోయినా ఆ మేతే ఎద్దులను బతికిస్తుంది. బ్యాంకు అప్పులు, పంట బీమా దాని చుట్టూ అల్లుకున్నాయి. చిరుధాన్యాలకు అంత మార్కెట్టు ఎవరూ కల్పించలేదు. దీన్ని మోజు అంటే తప్పంతా రైతు మనసు మీద పడుతుంది. నిజానికి దిక్కు లేనప్పుడు చేసిన ఎంపిక అది. పశువుల విషయం మాత్రం వేరు. మేత కొనడం కంటే అమ్మేయడమే లాభమని తెలిసి కూడా కరువు ఏట ఎద్దుల జతను వదులుకోని ఇళ్లు ఉన్నాయి. దానికి వాత్సల్యం అన్న మాట, దూడ అర్థంతో సహా, అతికినట్టు సరిపోతుంది.

అర్థ విచారం

ఈ మాటలన్నిటినీ కలిపి చూస్తే మూడు సంగతులు తేలతాయి. మొదటిది, డోట్, ఫాండ్, ఇన్‌ఫాచ్యుయేషన్, మోహం, పిచ్చి, దివానా, మజ్నూ అన్నీ ఒకే గమనికను వేర్వేరు భాషల్లో నమోదు చేశాయి. ప్రేమ హద్దు దాటితే లెక్క చూసే బుద్ధి పక్కకు తప్పుకుంటుంది. రెండోది, ఈ మాటల్లో చాలావాటికి కాలం గడిచేకొద్దీ వాడి తగ్గింది. నిందగా పుట్టిన ఫాండ్ నేడు మామూలు ఇష్టం, నిందగా పుట్టిన పిచ్చి నేడు పిచ్చితల్లి పిలుపులో లాలన. తిట్టుగా పెట్టిన పేరును ప్రేమించేవారే సొంతం చేసుకుని మెత్తబరిచారు.

మూడోది తెలుగు ప్రత్యేకత. ఇంగ్లీషు ఎక్కువగా ప్రేమ ఎంత అన్నది చూస్తుంది, తెలుగు ఎవరి మీద, ఎందుకు అన్నది చూస్తుంది. బిడ్డ మీదైతే గారాబం, సొంతమనుకున్నదాని మీదైతే మమకారం, కొత్తదాని మీదైతే మోజు, కళ్లు మూసేదైతే వ్యామోహం, దేవుడి మీదైతే భక్తి. కాబట్టి డోట్‌ను తెలుగులోకి తెచ్చేవారు ముందు ఆ ప్రేమ ఎవరిదో, ఎవరి మీదో తెలుసుకోవాలి. తాత మనవణ్ణి ముద్దు చేసే చోట వ్యామోహం అని రాస్తే తాతకు అన్యాయం. అధికార పీఠం మీద పడి చచ్చేవాడి విషయంలో మురిపెం అని రాస్తే చదివేవారికి అన్యాయం. ఈ తేడాలు ఇళ్లలో పెద్దవారి నోట ఇంకా బతికే ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు, అనువాదాలు, పత్రికలు వాటిని వాడుతూ ఉంటేనే అవి తర్వాతి తరానికి అందుతాయి.